వాడకం తక్కువున్న ఫీచర్‌ను తీసేయాలా, ఉంచాలా? తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో ఎరువుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. పల్నాడు, నల్గొండ వైపు అరవై డెబ్బై షాపులు వాడేవి. అందులో 'బారువడ్డీ లెక్క' అని ఒక రిపోర్టు ఉండేది. రైతు జూన్‌లో అరువుకు తీసుకెళ్లిన ఎరువులకు, పంట అమ్మి డబ్బు కట్టే రోజు వరకు నూటికి ఇంత అని వడ్డీ కట్టి చూపించడం దాని పని. ఒక ఆగస్టులో మెనూ శుభ్రం చేద్దామని కూర్చుని, గడిచిన మూడు నెలల లాగ్ (ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకునే చిట్టా) తీశాం. ఆ రిపోర్టు తెరిచినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకేం, సెప్టెంబర్ వెర్షన్‌లో పీకేశాం.

డిసెంబర్ రెండో వారంలో ఫోన్లు మొదలయ్యాయి. సత్తెనపల్లి దగ్గర ఒక షాపాయన, "ఏం బాబూ, వడ్డీ లెక్క ఎటు పోయింది? కొట్టు ముందు రైతులు నిలబడి ఉన్నారు, నేను కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నా" అన్నారు. "ఎవరూ వాడట్లేదని తీసేశామండీ" అన్నాను. "వడ్లు కొయ్యకుండా వడ్డీ ఎట్లా కడతారు బాబూ?" అన్నారాయన.

నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ ఫీచర్ తీసేయాలన్నా ఒక వరస పెట్టుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఊళ్లో నలుగురు వాడే టూల్ అయినా, లక్షలమంది డెవలపర్లు తమ ప్రోగ్రామ్‌లలో కలుపుకునే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ అయినా వరస ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

1. తీసేది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

"ఎక్స్‌పోర్ట్ తీసేద్దాం" అని మీటింగ్‌లో అంటే ఒకరికి బటన్, ఇంకొకరికి దాని వెనకున్న కోడ్, మరొకరికి ఆ ఫైల్ ఫార్మాట్ గుర్తొస్తాయి. తెర మీద కనిపించేది, లోపల పనిచేసేది, అది దాచిపెట్టిన డేటా, ఈ మూడూ వేర్వేరు. ఏది పోతుంది, ఏది ఉంటుంది అని కాగితం మీద పెట్టండి.

2016లో క్రోమ్ 52లో బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనక పేజీకి వెళ్లే సౌకర్యం తీసేశారు. వెనక్కి వెళ్లడం అనే ఫీచర్ ఎక్కడికీ పోలేదు, దానికున్న ఒక షార్ట్‌కట్ పోయింది. ఆల్ట్, ఎడమ బాణం గుర్తు కలిపి నొక్కితే అదే పని అవుతుంది. పాతదే కావాలనేవాళ్ల కోసం గూగుల్ ఒక ఎక్స్‌టెన్షన్ కూడా ఇచ్చింది. తీసేదాన్ని ఇంత చిన్నగా కోసుకోగలిగితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

2. లెక్క తీయండి, కానీ ఏడాది మొత్తానికి

మా తప్పు మీకు ఇప్పటికే తెలిసిపోయింది. మూడు నెలల లాగ్ చూసి పన్నెండు నెలల పని మీద తీర్పు చెప్పాం. మే నెలలో తప్ప కిందికి దిగని ఆవకాయ జాడీని ఫిబ్రవరిలో చూసి పాత సామాన్లవాడికి వేసేసినట్టు.

అందుకే నేను 13 నెలల లాగ్ లేకుండా మాట్లాడను. పన్నెండు నెలలైతే మార్చి 31 ఒక్కసారే వస్తుంది, అది కూడా ఒకోసారి లెక్క మొదలుపెట్టిన వారంలోనో ముగించిన వారంలోనో సగం సగంగా పడుతుంది. మీ వాడుకరుల క్యాలెండర్ ఏమిటో ముందు కనుక్కోండి. అకౌంట్స్ వాళ్లకు మార్చి, స్కూళ్లకు జూన్, ఎరువుల షాపులకు ఖరీఫ్, రబీ. అంత లాగ్ లేదా? ఇవాళ్టి నుంచి దాచడం మొదలుపెట్టి, తీసేయడం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. కొంపలేం మునగవు.

తర్వాత, దేన్ని దేనితో భాగిస్తున్నారో చూసుకోండి. "మొత్తం క్లిక్కుల్లో ఇంత శాతం" అన్న అంకె దాదాపు ఎందుకూ పనికిరాదు. రోజుకు రెండు వందల బిల్లులు కొట్టే చోట నెలకోసారి తెరిచే స్టాక్ రిపోర్టు ఎప్పుడూ సున్నా పాయింట్ సున్నా ఏదోలాగే కనిపిస్తుంది. నేను రాసుకునేవి మూడు: ఏడాదిలో ఒక్కసారైనా వాడిన మనుషులు ఎందరు, వాడిన వాళ్లు ఎన్నిసార్లు వాడారు, వాడినప్పుడు పని పూర్తయిందా లేక మధ్యలో వదిలేసి వెళ్లారా.

చిన్న శాతం అంటే చిన్న సంఖ్య అనుకోకండి. క్రోమ్ లోపల పేజీలను చూపించే బ్లింక్ ఇంజిన్ మీద పనిచేసేవాళ్లు వెబ్ ఫీచర్లు తీసేటప్పుడు పేజీ సందర్శనల్లో 0.1% ఉంటే పెద్ద వాడకం కింద లెక్కేస్తారు. 0.001% అయినా చిన్నదే గానీ కొట్టిపారేయదగ్గది కాదంటారు. 2021లో క్రోమ్ 92లో, వేరే సైట్ నుంచి తెచ్చి ఫ్రేమ్‌లో చూపించే పేజీలు అలర్ట్ పెట్టెలు (తెర మీద ఉన్నట్టుండి లేచే చిన్న సందేశాలు) వేయకుండా ఆపేశారు. మోసగాళ్లు వాటిని వాడుకుంటున్నారన్నది కారణం, వాడకం కూడా చాలా తక్కువే. తీరా ఆపాక, ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే సైట్లలో పిల్లలు రాసే మొట్టమొదటి ప్రోగ్రామ్‌లు పనిచేయడం మానేశాయి. టీచర్లు గోల పెట్టారు. కొన్ని రోజుల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకుని వాయిదా వేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. లెక్కలోకి వచ్చిన వాడకమంతా కావాలని చేసింది కాకపోవచ్చు. ఇందాకటి బ్యాక్‌స్పేస్ విషయంలో గూగుల్ చెప్పిన అంకెలు చూడండి: పేజీల్లో 0.04% సార్లు జనం అలా వెనక్కి వెళ్లారు, 0.005% సార్లు ఫారంలో ఏదో నింపాక వెళ్లారు. ఆ రెండో అంకెలో చాలా భాగం, అక్షరం చెరపబోయి నింపిందంతా పోగొట్టుకున్నవాళ్లదే అయ్యుంటుంది. ఆ క్లిక్కులు ఫీచర్‌కు ఓట్లు కావు, ఫిర్యాదులు.

3. లాగ్‌లో పడనివాళ్లు ఎవరో రాయండి

మా షాపుల్లో పదో పదిహేనో ఇంటర్నెట్ లేకుండానే నడిచేవి. వాళ్ల వాడకం మాకు చేరేదే కాదు. పెద్ద ఆఫీసుల్లో నెట్‌వర్క్ వాళ్లు ఈ సమాచారం బయటికి పోకుండా ఆపేస్తారు. ప్రైవసీ పట్టింపు ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొదట ఆపేసేదే అది. సెట్టింగుల్లో మూలకున్న ఫీచర్లను వెతికి వాడేవాళ్లు కూడా తరచూ వాళ్లే. అంటే మూలనున్న ఫీచర్లకు మీ లెక్క ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది.

2021లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కొత్త రూపం తెచ్చినప్పుడు, ట్యాబులను ఇరుకుగా సర్దే 'కాంపాక్ట్' పద్ధతిని తీసేద్దామనుకున్నారు. అది కనుక్కోవడం కష్టం కాబట్టి వాడేవాళ్లు తక్కువే అయ్యుంటారని తాము అనుకుంటున్నామని అప్పుడు రాశారు. 'అనుకుంటున్నాం' అన్న ఆ మాట పట్టుకునే జనం నిలదీశారు. చివరికి పూర్తిగా తీయలేదు, లోపలి సెట్టింగ్ ఒకటి మారిస్తే కనబడేలా ఉంచారు.

మనకు దగ్గర ఉదాహరణ ఒకటి చెప్తాను. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాస్తే 'ఫ్ట్' తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. దాన్ని చెరిపేస్తే 'సాఫ్ట్వేర్' అయిపోయి, వకారం కిందికి వత్తుగా దిగిపోతుంది. ఇంగ్లీషులో మాత్రమే పనిచేసే టీమ్‌కు, టెక్స్ట్ శుభ్రం చేసే టూల్‌లో 'కనిపించని అక్షరాలను ఉంచు' అనే ఆప్షన్ ఎవరికీ అక్కర్లేని చెత్తలా కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం లెక్కలో తెలుగువాళ్ల వాటా ఎంతని! కానీ ఆ ఆప్షన్ పోతే మనకు ఆ టూల్ మొత్తం పోయినట్టే. స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లు, మౌస్ పట్టుకోలేక కీబోర్డుతోనే నెట్టుకొచ్చేవాళ్లు, ఇలాంటి వాళ్ల ఫీచర్లను శాతాలతో తూచకండి. వేరే కాటా పెట్టుకోండి.

4. ఎందుకు వాడట్లేదో కనుక్కోండి

ఇది లాగ్‌లో దొరకదు, ఫోన్ చేయాలి. ఐదుగురికి చేసినా చాలు: వాడేవాళ్లు ముగ్గురు, వాడాల్సి ఉండీ వాడనివాళ్లు ఇద్దరు. "ఈ ఫీచర్ కావాలా?" అని మాత్రం అడగొద్దు. ఎవరిని అడిగినా కావాలనే అంటారు, పోయేదేముంది. "కిందటిసారి ఈ పని పడ్డప్పుడు ఎలా చేశారు?" అని అడగండి.

నాకు ఎదురైన జవాబులు నాలుగు రకాలు. అది ఉందనే తెలియదు. ఉందని తెలుసు, ఒకసారి వాడితే తప్పు చూపించింది, మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ అవసరమే లేదు. అవసరం ఉంది, కానీ అరుదుగా వస్తుంది. వీటిలో మూడోదే నిజంగా తీసేయదగ్గది. మొదటిదానికి చోటు మార్చాలి, రెండోదానికి రిపేరు చేయాలి. నాలుగోదాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెచ్చే బటన్‌ను ఏళ్ల తరబడి ఎవరూ నొక్కకపోవచ్చు. ఎవరూ నొక్కకపోతే సంతోషించాలి.

ఉన్న సంగతి తెలియకపోవడం చిన్న విషయమేం కాదు. వర్డ్ 2003 మీద మైక్రోసాఫ్ట్ సేకరించిన లెక్కల్లో పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ అనే అయిదే మొత్తం వాడకంలో దాదాపు 32% అని తేలింది. అది చూసి మిగతావన్నీ ఎత్తేయొచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ జనం కొత్తగా కావాలని అడుగుతున్నవాటిలో చాలా భాగం అప్పటికే ఆఫీస్‌లో ఉన్నవే. అందుకే వాళ్లు ఫీచర్లు ఎత్తేసే దారి పట్టకుండా, 2007లో మెనూలను రిబ్బన్‌గా (పైన బటన్లన్నీ పరిచిన పట్టీగా) మార్చి, ఉన్నవి కనబడేలా చేసే దారి పట్టారు. రిబ్బన్ నాకు నచ్చదు, అది వేరే సంగతి.

5. ఉంచితే అయ్యే ఖర్చు కట్టండి

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. "కోడ్‌బేస్ పెరిగిపోతోంది, శుభ్రం చేయాలి" అంటారు. శుభ్రం అనేది ఖర్చు కాదు, ఇష్టం. ఏ లోటూ చేయకుండా మూలన పడున్న కోడ్‌ను కళ్లకు ఇంపుగా లేదని తీసేస్తే, ఆ సరదాకు డబ్బు కట్టేది వాడుకరి.

గత పన్నెండు నెలల్లో ఆ ఫీచర్ వల్ల వచ్చిన బగ్గులు, సపోర్ట్ కాల్స్, దాని కోసం ఆగిపోయిన వేరే పనులు, ఇవన్నీ గంటల్లో రాయండి. కొత్త వాడుకరికి సాఫ్ట్‌వేర్ నేర్పేటప్పుడు "ఇదేంటి సార్?" అన్న ప్రశ్న పదే పదే వస్తుంటే అదీ రాయండి.

మా దగ్గర ఈ లెక్క కట్టినప్పుడు ఒక వింత బయటపడింది. బారువడ్డీ రిపోర్టు ఖర్చు ఏడాదికి రెండు గంటలు కూడా లేదు. అసలు గంటలు మింగేస్తున్నది ఇంకొకటి: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద తెలుగులో బిల్లు కొట్టే ఫీచర్. అది నాలుగే షాపుల్లో ఉంది, రోజూ వాడతారు కాబట్టి లాగ్‌లో దర్జాగా కనిపిస్తోంది. విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వత్తులు ఊడిపోయేవి, మా కుర్రాడొకడు రెండేసి రోజులు దాని మీదే కూర్చునేవాడు. ఆ నాలుగు షాపులకూ థర్మల్ ప్రింటర్లు మేమే కొనిచ్చినా మాకు మిగులుతుందని తేలింది. కొనిచ్చాం. తీయాల్సింది అది, మేం తీసింది ఇది.

గంటల్లో రాయలేని ఖర్చు ఒకటుంది, భద్రత. 2021 డిసెంబర్‌లో ప్రపంచాన్నంతా నిద్రపోనివ్వని లాగ్4జే లోపం ఇలాంటిదే. జావా భాషలో రాసిన ప్రోగ్రామ్‌లు తమ లాగ్ రాసుకోవడానికి వాడే లైబ్రరీ అది. లాగ్‌లో రాసే వాక్యంలో ఒక ప్రత్యేకమైన గుర్తు కనిపిస్తే వేరే సర్వర్ దగ్గరికి వెళ్లి సమాచారం తెచ్చే సౌకర్యం 2013 నుంచీ అందులో ఉంది. ఆ లైబ్రరీ వాడుతున్న చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. దాడి చేసేవాళ్లకు తెలిసింది. చివరికి 2.16 వెర్షన్‌లో, సందేశాల్లోంచి అలా వెతికే పద్ధతినే తీసేశారు. బయటి నుంచి వచ్చిన డేటాను ముట్టుకునే ఫీచర్, నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఫీచర్ ఏదైనా సరే, వాడకం తక్కువైతే దాని పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి.

6. 'దీని బదులు అది వాడుకోండి' అనే ముందు మీరే వాడి చూడండి

వడ్డీ రిపోర్టు తీసేటప్పుడు మీటింగ్‌లో అందరం అనుకున్న మాట, "కావాలంటే ఎక్సెల్‌లో చేసుకుంటార్లే." ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరం కూడా ఎక్సెల్‌లో చేసి చూడలేదు. ఫోన్లు వచ్చాక చూశాను.

రైతు జూన్ 20న 18,400 రూపాయల సరుకు అరువుకు తీసుకున్నాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు 368. అక్టోబర్ 20న 5,000 కట్టాడు, మిగతాది డిసెంబర్ 20న తేల్చాలి. మొదటి నాలుగు నెలల వడ్డీ 1,472. ఇక్కడిదాకా ఎవరైనా కడతారు. ఇప్పుడు ఆ 5,000 దేనికి జమ? కొన్ని షాపుల్లో ముందు అసలులో తగ్గిస్తారు. అప్పుడు అసలు 13,400కి దిగి, తర్వాతి రెండు నెలలకు 536, మొత్తం వడ్డీ 2,008. కొన్ని షాపుల్లో ముందు వడ్డీకి జమ చేసి, మిగిలిన 3,528 అసలులో తగ్గిస్తారు. అప్పుడు అసలు 14,872, మొత్తం వడ్డీ 2,067 చిల్లర లేకుండా చూస్తే. తేడా 59 రూపాయలు. కౌంటర్ దగ్గర మాటా మాటా పెరిగేది ఆ 59 రూపాయలకే. ఏ షాపు వాడుక ఎలాంటిదో ఎంచుకునే సెట్టింగ్ మా పాత రిపోర్టులో ఉంది. రాసిన మనిషి ఎవరో గానీ కొట్టులో కూర్చుని చూసి రాశాడు. ఎక్సెల్‌లో అదంతా పెట్టడానికి నాకే ఒక పూట పట్టింది.

కాబట్టి ప్రత్యామ్నాయం ఉందని రాసే ముందు నిజమైన డేటాతో, మొదటి నుంచి చివరిదాకా, గడియారం పెట్టుకుని చేయండి. పాత పద్ధతిలో రెండు నిమిషాల పని కొత్తదాంట్లో నలభై నిమిషాలైతే దాన్ని ప్రత్యామ్నాయం అనకండి.

7. నిర్ణయం: నాలుగు దారులు

ఇంతా చేశాక చేతిలో ఉన్నవి: ఎందరు, ఎప్పుడు, ఎందుకు, ఎంత ఖర్చు, బదులు ఏముంది.

ఖర్చు లేకపోతే ఉంచేయండి, వాడేది ఒక్కరే అయినా. ఖర్చు లేదు గానీ కొత్తవాళ్లను తికమక పెడుతోందంటే మెనూలోంచి లోపలికి నెట్టండి, వెతికితే దొరికేలా. ఖర్చుంది, కొద్దిమందికి అదే ప్రాణం అంటే, ప్లగిన్‌గానో వేరే ప్యాకేజీగానో బయట పెట్టండి. ఖర్చుంది, బదులుంది, అవసరం తీరిపోయింది అంటే తీసేయండి. భద్రతకు ముప్పైతే ఈ వరసంతా పక్కనపెట్టి ఇవాళే ఆపేయండి, వివరణలు రేపు.

ఈ దారులన్నీ ఒకేచోట చూడాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కథ చదవాలి. భాషతో పాటే వచ్చే ప్రామాణిక లైబ్రరీలో బూజు పట్టినవాటిని తీసేద్దామని 2019లో పెప్ 594 అనే ప్రతిపాదన వచ్చింది. 2022లో వచ్చిన 3.11లో హెచ్చరికలు మొదలై, 2024 అక్టోబర్‌లో 3.13లో 19 మాడ్యూళ్లు (ఆ లైబ్రరీలోని విడి భాగాలు) పోయాయి. సన్ వర్క్‌స్టేషన్ల కాలంనాటి ఆడియో ఫైళ్లు చదివే మాడ్యూల్ పోయింది. పక్కనే ఉన్న 'వేవ్' మాత్రం మిగిలింది. కారణం ఏమిటనుకున్నారు? దాంతో పిల్లలకు కంప్యూటర్‌లో శబ్దాలు పుట్టించడం నేర్పడం సులువని, పిల్లలకు అది భలే సరదా అని. ఏ లాగ్‌లోనూ దొరకని కారణం అది. పోయినవాటిలో శబ్దాల డేటాను మార్చే 'ఆడియోఆప్' ఒకటి. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో తమంతట తామే పనిచేసే బాట్లు రాసే లైబ్రరీ దాని మీద ఆధారపడి ఉంది. అయితే ఎవరో దాన్ని వేరే ప్యాకేజీగా బయట నిలబెట్టారు. వెబ్ సర్వర్ నుంచి ప్రోగ్రామ్‌లు నడిపే పాత పద్ధతి 'సీజీఐ'కి కూడా అలాగే బయట ఒక వారసుడు ఉన్నాడు, పైథాన్ డాక్యుమెంటేషనే వాటి పేర్లు చెప్పి దారి చూపిస్తుంది.

ఏ దారి పట్టినా ఒకటి మాత్రం తెంచకండి: పాత ఫైళ్లను తెరవడం. రాయడం ఆపినా చదవడం ఆపొద్దు. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో అది ఇంకా కనిపిస్తుందంటే, అను అనే తెలుగు ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లన్నీ అందులో ఉండిపోవడం వల్లే. ఫైలు తెరుచుకోదంటే మనుషులు కొత్త వెర్షన్‌కు రారు, పాత కంప్యూటర్‌ను చీర చుట్టి మరీ కాపాడుకుంటారు.

8. వాడే చోటే చెప్పండి

రిలీజ్ నోట్స్ ఎవరూ చదవరు. మెయిల్ పంపామని చెప్పుకోవడం మన తృప్తి కోసం. ఫీచర్ తెరిచినప్పుడు, ఆ తెర మీదే చెప్పాలి. మేం తర్వాత వాడిన మాటలు ఇవి:

"ఈ రిపోర్టును వచ్చే ఏప్రిల్ 1 నుంచి తీసేయాలని అనుకుంటున్నాం. ఇదే పని 'ఖాతా వివరాలు' తెరలో చేసుకోవచ్చు. మీకు ఇదే కావాలంటే కింద 'నేను ఇంకా వాడుతున్నాను' నొక్కండి, మేమే ఫోన్ చేస్తాం."

తేదీ ఉంది, దారి ఉంది, కాదనే బటన్ ఉంది. ఈ బటన్ ఆలోచన, కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ నుంచి తెచ్చుకున్నాను. గిట్‌లో కొన్ని పాత కమాండ్లను తీసేసే ముందు, వాటిని నడిపితే పని చేయకుండా ఆగి, ఇంకా కావాలంటే చివర్లో 'ఐ స్టిల్ యూజ్ దిస్' అనే ఆప్షన్ చేర్చి నడపండి, మాకు మెయిల్ కూడా రాయండి అంటాయి. పని ఆగిపోదు, కానీ చూడకుండా దాటిపోవడం కుదరదు.

మనుషులు కాకుండా వేరే ప్రోగ్రామ్‌లు వాడే ఫీచర్ అయితే తెర మీద సందేశం ఎవరు చదువుతారు? దానికి కరెంటు వాళ్ల పద్ధతి ఉంది. లైన్ల మరమ్మతు ఉంది, రేపు ఉదయం తొమ్మిది నుంచి సరఫరా ఉండదని ముందే చెప్పి కోత పెడతారు కదా, అలా ఒక రోజు ఆపి చూడండి. గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే గిట్‌హబ్ సైట్ 2022లో ఎన్‌క్రిప్షన్ లేని పాత గిట్ ప్రోటోకాల్‌ను మార్చి 15న శాశ్వతంగా ఆపింది. అంతకు ముందే, జనవరి 11న ఒక రోజు ఆపి చూపించింది. ఎక్కడో మూలనున్న సర్వర్‌లో మరిచిపోయిన స్క్రిప్టులన్నీ ఆ రోజు బయటపడతాయి. సరిచేసుకోవడానికి రెండు నెలలు చేతిలో ఉంటాయి.

గడువు ఎంత ఇవ్వాలి? వాడుకరి క్యాలెండర్‌లో ఒక పూర్తి చుట్టు.

9. అంచెలంచెలుగా తీయండి

ముందు డీఫాల్ట్‌గా ఆఫ్ చేయండి, సెట్టింగ్‌లో ఆన్ చేసుకునేలా ఉంచండి. తర్వాతి వెర్షన్‌లో తెర మీదినుంచి తీయండి. ఆ తర్వాతే కోడ్. డేటాబేస్‌లోని కాలమ్‌ల జోలికి అప్పుడే వెళ్లకండి, వాటికి తిండి పెట్టాల్సిన పని లేదు.

కోడ్ తీసేటప్పుడు మాత్రం మొత్తం తీయండి. సగం తీసి సగం వదిలేయడం కంటే ఉంచడం మేలు. నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ కంపెనీ 'పవర్ పెగ్' అనే ఫీచర్ వాడకం 2003లోనే ఆపేసింది, కోడ్ మాత్రం సర్వర్లలో ఉండిపోయింది. 2012లో కొత్త ఫీచర్ కోసం, పాతదాన్ని నడిపే ఫ్లాగ్‌నే (కోడ్‌లో ఆన్, ఆఫ్ స్విచ్ లాంటిది) మళ్లీ వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఒకదాంట్లో కొత్త కోడ్ ఎక్కించడం మరిచిపోయారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో తొమ్మిదేళ్ల నాటి పాత ఫీచర్ నిద్రలేచి ఆర్డర్లు కుమ్మరించింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. చచ్చిన ఫీచర్ పేరు, ఫ్లాగ్, నంబర్ కొత్తదానికి ఎప్పుడూ పెట్టకండి.

10. గోల మొదలయ్యాక

వెనక్కి తీసుకునే షరతు ముందే రాసుకోండి, ప్రశాంతంగా ఉన్నప్పుడు. "మొదటి నెలలో ఫలానా పని ఆగిపోయిన షాపులు మూడు దాటితే తిరిగి పెడతాం" అని. గోల మధ్యలో రాసుకుంటే అది అహం మాట్లాడే మాట అవుతుంది, లేదా భయం.

గోల ఎంత పెద్దదో చూడటం కంటే ఏమంటున్నారో వినండి. 2017 జులైలో విండోస్‌లో ఇక ముందు పట్టించుకోని ఫీచర్ల జాబితాలో పెయింట్ పేరు కనిపించగానే ప్రపంచమంతా కన్నీళ్లు పెట్టుకుంది. అందులో చాలామంది దాన్ని చిన్నప్పుడు తెరిచినవాళ్లే. మైక్రోసాఫ్ట్ సర్దిచెప్పుకుంది, పెయింట్ ఇప్పటికీ ఉంది. "అయ్యో పాపం" అన్నవాళ్లను ఒక గుట్ట వేయండి, "నా పని ఆగిపోయింది" అన్నవాళ్లను ఇంకో గుట్ట. రెండో గుట్టలో ముగ్గురున్నా ఆ రోజే ఫోన్ చేయండి.

తిరిగి పెట్టాల్సి వస్తే పెట్టేయండి, నామోషీ ఏం లేదు. పైథాన్‌లో 'కలెక్షన్స్' మాడ్యూల్‌లోని కొన్ని పాత పేర్లను 3.9లో తీయాల్సింది. చాలా ప్రాజెక్టులు ఇంకా సిద్ధంగా లేవని చూసి ఒక వెర్షన్ ఆగి, 3.10లో తీశారు.

మా వడ్డీ రిపోర్టు ఆ జనవరిలోనే తిరిగి పెట్టాం, ఈసారి డిసెంబర్ వస్తే మెనూలో అదే పైకి వచ్చేలా. డాట్ మ్యాట్రిక్స్ తెలుగు బిల్లు మాత్రం పోయింది, దాని గురించి ఎవరూ ఫోన్ చేయలేదు. తీసిన ఫీచర్లన్నిటికీ అప్పుడొక ఫైలు పెట్టాను: పేరు, తీసిన తేదీ, కారణం, ఏడాది తర్వాత ఏమైంది. అందులో మొదటి వరుస ఇది: "బారువడ్డీ లెక్క. సెప్టెంబర్‌లో తీశాం, జనవరిలో పెట్టాం. కారణం: కోతలు."